బరువు తగ్గించే శస్త్రచికిత్సకు ముందు కౌన్సెలింగ్: రాయగడ నుంచి విశాఖ వెళ్లి చూసిన ఒక సేవపై సమీక్ష

ఒడిశాలోని రాయగడ జిల్లా తెలుగు కుటుంబాలకు పెద్ద వైద్యమనగానే మొదట గుర్తుకు వచ్చే ఊరు విశాఖపట్నమే. భువనేశ్వర్, కటక్ మన రాష్ట్రంలోనే ఉన్నా, పార్వతీపురం, బొబ్బిలి, విజయనగరం మీదుగా సాగే రైలు ప్రయాణం తేలిక, దిగిన చోట మాట్లాడే భాష మనది. మా చెల్లెలికి బేరియాట్రిక్ శస్త్రచికిత్స, అంటే బరువు తగ్గించేందుకు జీర్ణకోశంపై చేసే ఆపరేషన్, అవసరమని స్థానిక వైద్యుడు సూచించినప్పుడు మేము కూడా ఆ దారినే పట్టాము. ఆపరేషన్ ఇంకా జరగలేదు కనుక ఇది దాని ఫలితంపై సమీక్ష కాదు. విశాఖలోని ఒక ప్రైవేటు ఆసుపత్రి ఆపరేషన్‌కు ముందు విడిగా రుసుము తీసుకొని ఇచ్చే కౌన్సెలింగ్ సేవను గురించి మాత్రమే రాస్తున్నాను. ఇందులో మెప్పుతో పాటు ఫిర్యాదులూ ఉన్నాయి కనుక ఆసుపత్రి పేరు రాయడం లేదు. ఇలాంటి సేవ ఎక్కడ తీసుకున్నా దేనిని చూసి దాని విలువ కట్టాలో సరిహద్దు జిల్లాల పాఠకులకు తెలిస్తే చాలు.

ఈ సేవలో సర్జన్, ఆహార నిపుణురాలు, మానసిక నిపుణుడు, మత్తు వైద్యుడు వేర్వేరుగా రోగితో మాట్లాడతారు. ఎండోస్కోపీ, కడుపు స్కానింగ్, గుండె ఎకో, రక్తపరీక్షలు, అవసరమైతే నిద్రలో శ్వాస ఆగుతోందేమో తెలుసుకునే పరీక్ష కూడా చేయిస్తారు. పరీక్షలకు వేరే బిల్లు. గదుల శుభ్రత, సిబ్బంది మర్యాద, వేచి ఉండే సమయం వంటి వాటిలో చెప్పుకోదగిన లోపమేమీ కనిపించలేదు.

నాకు బాగా నచ్చినది మొదటి సమావేశంలో సర్జన్ కాగితం మీద వేసి చూపిన లెక్క. మా చెల్లెలి ఎత్తు 160 సెంటీమీటర్లు, బరువు 118 కిలోలు. కిలోల బరువును మీటర్లలో ఉన్న ఎత్తు వర్గంతో భాగిస్తే బీఎంఐ, అంటే ఎత్తుకు తగ్గ బరువు ఉందో లేదో చెప్పే సూచిక, 46 వచ్చింది. బీఎంఐ 25 కావాలంటే ఆమె 64 కిలోలు ఉండాలి, కాబట్టి అదనపు బరువు 54 కిలోలు. కడుపులో పెద్ద భాగాన్ని కత్తిరించి తీసివేసే స్లీవ్ ఆపరేషన్‌తో ఏడాదిన్నర, రెండేళ్లలో ఈ అదనపు బరువులో సగం నుంచి అరవై శాతం వరకు, ఆహారాన్ని పేగు మొదటి భాగం తప్పించి పంపే బైపాస్‌తో అరవై నుంచి డెబ్బై శాతం వరకు తగ్గడం సాధారణమని ఆయన చెప్పారు. ఆ ప్రకారం స్లీవ్ తరువాత ఆమె బరువు 86 నుంచి 91 కిలోల మధ్య, బైపాస్ తరువాత 80 నుంచి 86 కిలోల మధ్య నిలుస్తుంది. మా చెల్లెలి మనసులో ఉన్నది పెళ్లినాటి బరువు. "అయితే నేను అరవైకి రానా అండీ?" అని అడిగింది. "రారని అనను, వస్తారని మాట ఇవ్వలేను. 85 దగ్గర ఆగినా ఈ ఆపరేషన్ మీకు పనికొచ్చినట్టేనని మీకు అనిపిస్తేనే ముందుకు వెళదాం" అని ఆయన జవాబిచ్చారు. ఆ బరువు దగ్గర కూడా బీఎంఐ 33 ఉంటుందనీ, పట్టికల ప్రకారం అప్పటికీ ఆమె స్థూలకాయుల జాబితాలోనే ఉంటుందనీ ఆయన దాచలేదు. డబ్బు కట్టించుకునే ముందే ఇంత నిక్కచ్చిగా చెప్పే ఆసుపత్రులు తక్కువన్నది నా అభిప్రాయం.

ఇలా అనడానికి కారణం ఉంది. దీనికి ముందు మరొక నగరంలోని ఒక కేంద్రానికి వెళ్లాము. అక్కడ కౌన్సెలింగ్ అన్న పేరుతో జరిగినది బేరం. గోడల నిండా ఆపరేషన్‌కు ముందు, తరువాత తీసిన ఫోటోలు ఉన్నాయి. బాగా తగ్గినవారివే ఉన్నాయి కానీ, తగ్గి మళ్లీ పెరిగినవారి ఫోటో ఒక్కటీ లేదు. "షుగర్ పూర్తిగా పోతుంది, ఆరు నెలల్లో మిమ్మల్ని మీరే గుర్తుపట్టలేరు" అని చెప్పి, ఆ వారంలోనే అడ్వాన్సు కడితే రాయితీ ఇస్తామన్నారు. కడుపులో ముప్పాతిక భాగాన్ని కోసి తీసివేసే పనికి పండుగ తగ్గింపు ధర ఏమిటో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

విశాఖ సర్జన్ రెండేళ్ల దగ్గరే లెక్క ఆపలేదు. స్వీడన్‌లో 1987లో మొదలై ఏళ్ల తరబడి సాగిన అధ్యయనాన్ని ప్రస్తావించారు. అందులో బైపాస్ చేయించుకున్నవారు మొదటి ఒకటి రెండేళ్లలో తమ మొత్తం బరువులో సగటున 32 శాతం తగ్గారు, పదేళ్ల తరువాత చూస్తే ఆ తగ్గుదల 25 శాతం దగ్గర ఉంది. ఫిన్లాండ్‌లో జరిగి 2018లో ఐదేళ్ల ఫలితాలు ప్రచురించిన మరొక అధ్యయనంలో అదనపు బరువు తగ్గుదల స్లీవ్‌కు 49 శాతం, బైపాస్‌కు 57 శాతం. అంటే కొంత బరువు తిరిగి రావడం రోగి చేసిన నేరం కాదు, చికిత్స తీరులోనే ఉన్న విషయం. ఈ ఒక్క మాట ముందే చెప్పి ఉంటే, మూడో ఏట నాలుగు కిలోలు పెరిగిందని మొహం చాటేసి వైద్యుని దగ్గరకు వెళ్లడం మానేసే రోగులు చాలామంది మళ్లీ తలుపు తడతారు. అయితే ఆయన చెప్పినవన్నీ సగటులేననీ, మన మనిషి సగటుకు పైన ఉండవచ్చు, కింద కూడా ఉండవచ్చుననీ మేము గుర్తు పెట్టుకోవలసి వచ్చింది. ఆ మాట ఆయన ఇంకొంచెం గట్టిగా చెప్పి ఉండవలసింది.

ఏ ఆపరేషన్ అన్న విషయంలో మా చెల్లెలు ముందే స్లీవ్‌ అని నిశ్చయించుకొని వచ్చింది. అందులో కడుపును నిలువుగా కత్తిరించి సుమారు 75 నుంచి 80 శాతం భాగాన్ని తీసివేసి, సన్నని గొట్టంలా మిగులుస్తారు. పేగు జోలికి పోరు. ఆకలిని రేపే గ్రెలిన్ అనే హార్మోను ప్రధానంగా తయారయ్యేది తీసివేసిన భాగంలోనే కాబట్టి కొంతకాలం ఆకలి కూడా మందగిస్తుంది. తీసివేసిన భాగాన్ని మళ్లీ పెట్టలేరు. కానీ ఎండోస్కోపీలో ఆమె అన్నవాహికలోకి ఆమ్లం ఎగదన్ని లోపొర ఒరుసుకుపోయినట్టు తేలింది. ఉన్న ఎగదన్నుడును స్లీవ్ పెంచే ప్రమాదం ఉంది, లేనివారికి కొత్తగా తెచ్చిపెట్టవచ్చు కూడా. అందువల్ల సర్జన్ బైపాస్‌ను సూచించారు. దానిలో దాదాపు 30 మిల్లీలీటర్లు పట్టే చిన్న సంచిని మాత్రమే కడుపు పై భాగంలో ఉంచి, దానిని చిన్నపేగు మధ్య భాగానికి కలుపుతారు. ఆహారం మిగతా కడుపును, పేగు మొదటి భాగాన్ని తప్పించుకొని పోతుంది. ఆ తప్పించిన భాగంలోనే ఇనుము, క్యాల్షియం వంటివి ఎక్కువగా ఒంటపడతాయి కనుక మాత్రలు జీవితాంతం వేసుకోవాలి. ఎండోస్కోపీ చూడకుండానే ఆపరేషన్ రకాన్ని ఖాయం చేసే చోటును అనుమానించాలన్నది మాకు ఇక్కడ తెలిసివచ్చిన సంగతి.

మధుమేహం విషయంలోనూ ఆశను అదుపులో పెట్టారు. అమెరికాలో జరిగి 2017లో ఐదేళ్ల ఫలితాలు వెలువడిన ఒక అధ్యయనంలో, మూడు నెలల సగటు చక్కెర సూచిక 6 శాతానికి లేదా అంతకన్నా కిందకు వచ్చినవారు బైపాస్ బృందంలో 29 శాతం, స్లీవ్ బృందంలో 23 శాతం, మందులతో మాత్రమే చికిత్స పొందినవారిలో 5 శాతం. తేడా పెద్దదే. కానీ నూటికి 29 మంది అంటే మిగిలిన 71 మంది ఆ గీతను చేరలేదని కూడా అర్థం. మధుమేహం వచ్చి చాలా ఏళ్లయినవారికి, ఇన్సులిన్ దాకా వెళ్లినవారికి అవకాశం ఇంకా తగ్గుతుంది. మా చెల్లెలు ఈ రెండింటిలోనూ ఉంది. మోతాదు బాగా తగ్గవచ్చు, ఇన్సులిన్ ఆగవచ్చు, మందులు పూర్తిగా ఆగుతాయని లెక్కలో వేసుకోవద్దన్నారు.

ఇక ఆహారం. మొదట చేతికిచ్చిన ముద్రిత పట్టిక రాయగడలో దొరకని వస్తువులతో నిండి ఉంది. అవకాడో, గ్రీకు పెరుగు, సాల్మన్ చేప, బ్రోకలీ. మా ఊరి కూరగాయల మార్కెట్లో బ్రోకలీ అడిగితే కాలీఫ్లవర్ చూపిస్తారు. ఆ పట్టికను తిరిగి ఇచ్చి, మేము ఇంట్లో తినేది ఇదీ అని చెప్పాక, ఆహార నిపుణురాలు ఓపికగా కూర్చొని మాకోసం మరొకటి రాసిచ్చారు. ఈ సేవలో నేను అత్యధిక మార్కులు వేసేది ఆమెకే. ఆపరేషన్ తరువాత మొదటి రోజుల్లో పలచని ద్రవాలు, ఆపైన రెండు వారాల దాకా చిక్కని ద్రవాలు, తరువాత మెత్తగా రుబ్బినవి, ఆపైన మెత్తని ముద్ద ఆహారం, ఆరు నుంచి ఎనిమిది వారాలకు మామూలు తిండి అన్న క్రమాన్ని మా వంటింటి వస్తువులతోనే చెప్పారు: పెసరకట్టు, పలచని మజ్జిగ, వడకట్టిన చికెన్ సూపు, మెత్తగా నలిపిన ఛెనా (విరిచిన పాల ముద్ద), ఉడికించిన గుడ్డు తెల్లసొన, ముల్లు తీసిన చేప. మన జిల్లాలో ఇంటింటా తాగే మండియా జావను గురించి మా చెల్లెలు అడిగింది. రాగి మంచిదే అయినా జావలో ఎక్కువగా ఉండేది పిండిపదార్థమేననీ, కొద్దిపాటి జాగా మాత్రమే ఉన్న కడుపును దానితో నింపితే మాంసకృత్తులకు చోటు మిగలదనీ ఆమె చెప్పారు. రోజుకు కనీసం 60 గ్రాముల మాంసకృత్తులు కావాలి. ఒక గుడ్డులో ఉండేవి ఆరు గ్రాములు, వంద గ్రాముల చేపలో సుమారు ఇరవై, గ్లాసు పాలలో ఆరేడు. ఒక పూటకు నాలుగైదు చెంచాలకు మించి దిగని రోజుల్లో ఈ అరవై ఎలా పూరించాలన్నది తమాషా లెక్క కాదు. మొదటి నెలల్లో పొడి రూపంలోని మాంసకృత్తులు తప్పవన్నారు. ఆ డబ్బాల ఖర్చు ప్యాకేజీలో లేదు.

తిండితో పాటు నీళ్లు తాగకూడదు. భోజనం తరువాత అర గంట ఆగి, గుక్క గుక్కగా రోజంతటిలో లీటరున్నర పూర్తి చేయాలి. బైపాస్ తరువాత రసగుల్లా, ఛెనా పోడా వంటి తీపి తింటే అది గబుక్కున పేగులోకి దిగి చెమటలు, గుండెదడ, కడుపునొప్పి, విరేచనాలు రావచ్చు. దీనిని డంపింగ్ అంటారు. పెళ్లి విందులో ఆకు ముందు కూర్చొని నాలుగు ముద్దలతో లేవవలసి వచ్చినప్పుడు పెద్దవాళ్లు "ఇంకొంచెం వేయించుకోమ్మా" అంటే ఏమనాలో కూడా ఆమె మా చెల్లెలితో మాట్లాడారు. కుటుంబంలో కనీసం ఇద్దరికి ఆపరేషన్ సంగతి ముందే చెప్పి ఉంచమన్నారు. ఇది చిన్న విషయమని అనుకునేవారు మన బంతి భోజనాలు చూసి ఉండరు.

జుట్టు రాలడం, చర్మం వేలాడటం గురించి అడగకుండానే చెప్పారు. మూడో నెల నుంచి ఆరో నెల దాకా జుట్టు రాలడం మామూలే, చాలామందిలో తిరిగి వస్తుంది. వేలాడే చర్మం వ్యాయామంతో పూర్తిగా పోదు, దానికి వేరే ఆపరేషన్ కావాలి. త్వరగా బరువు తగ్గేటప్పుడు పిత్తాశయంలో రాళ్లు ఏర్పడే అవకాశం ఉంది కనుక ఆరు నెలలపాటు మాత్రలు ఇస్తారు. గర్భం దాల్చాలనుకునే వయసువారు ఏడాది నుంచి ఏడాదిన్నర ఆగాలి. బైపాస్ తరువాత మద్యం త్వరగా తలకెక్కుతుంది, దానికి అలవాటుపడే ప్రమాదమూ పెరుగుతుంది.

ప్రమాదాల గురించి సర్జన్ మాట నిష్పాక్షికంగా ఉంది. అమెరికాలో నాలుగు వేలకు పైగా రోగులను గమనించి 2009లో ప్రచురించిన అధ్యయనంలో ముప్పై రోజుల్లోపు మరణాలు 0.3 శాతం. కుట్టు దగ్గర కారడం, రక్తస్రావం, కాళ్ల సిరల్లో రక్తం గడ్డకట్టడం అరుదైనా జరుగుతాయి. కానీ దూరంగా ఉన్న మాలాంటివారికి ఆ ప్రమాదం ఏ రూపంలో వస్తుందన్న ఆలోచన ఈ సేవలో లోపించింది. విశాఖలో ఉండే రోగి అర్ధరాత్రి జ్వరం వస్తే ఆటో ఎక్కి ఆసుపత్రికి వస్తుంది. రాయగడలో, గుణుపురంలో, జయపురంలో ఉండే రోగి ఏం చేయాలి? మేము ఈ ప్రశ్న అడిగేదాకా ఎవరూ ఆ ఊసు ఎత్తలేదు. అడిగాక మాత్రం మంచి జవాబే వచ్చింది. నాడి నిమిషానికి 120 దాటడం, జ్వరం, ఆయాసం, భుజంలోకి పాకే నొప్పి, ఆగని వాంతులు కనిపిస్తే తెల్లవారేదాకా ఆగకుండా దగ్గరలోని పెద్ద ఆసుపత్రికి వెళ్లాలి. ఏ ఆపరేషన్ జరిగిందో వివరించే లేఖ ఎప్పుడూ వెంట ఉండాలి. డైక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలు కొత్త అతుకు దగ్గర పుండు చేస్తాయి కనుక వాడకూడదనీ, ముక్కు గొట్టాన్ని కళ్లతో చూడకుండా లోపలికి తోయకూడదనీ అందులో రాసి ఉండాలి. అన్నిటికన్నా ముఖ్యమైనది మరొకటి ఉంది. చాలా రోజులుగా వాంతులైన రోగిలో బి1 విటమిన్, అంటే థయామిన్, అడుగంటిపోతుంది. అప్పుడు థయామిన్ ఇవ్వకుండా గ్లూకోజు ఎక్కిస్తే మెదడుకు హాని కలగవచ్చు. నీరసమనగానే గ్లూకోజు సీసా వేలాడదీసే చిన్న దవాఖానాలున్న ప్రాంతంలో ఇది ముందుగానే, అడగకుండానే, రాతపూర్వకంగా ఇవ్వవలసిన సమాచారం. ఈ లోపానికి నేను మార్కులు తగ్గిస్తున్నాను.

మానసిక నిపుణునితో సమావేశం నిరాశపరిచింది. నిద్ర ఎలా ఉంది, దిగులుగా ఉంటుందా, మద్యం అలవాటు ఉందా అని వరసగా అడిగి గుర్తులు పెట్టుకొని పంపించారు. రాత్రి అందరూ పడుకున్నాక వంటింట్లోకి వెళ్లి తినే అలవాటును మా చెల్లెలు తానే చెప్పుకుంటే, "ఆపరేషన్ తరువాత కుదరదులెండి" అన్న మాటతో సరిపెట్టారు. కుదరదన్నది నిజం కాదు. చెంచా చెంచాగా తీపి, నూనె పదార్థాలు రోజంతా లోపలికి పోవచ్చు, బరువు తిరిగి రావడానికి అదీ ఒక దారి. తినడమే ఓదార్పుగా ఉన్న మనిషికి ఆ ఓదార్పు తీసివేశాక ఏం మిగులుతుందన్నది మాట్లాడవలసిన చోటు అదొక్కటే.

భాష గురించి ఒక మాట. సిబ్బంది తెలుగు మాట్లాడినా సమ్మతి పత్రం ఇంగ్లీషులోనే ఉంది. మా వైపు పిల్లలు ఒడియా బడుల్లో చదువుతారు, పెద్దలు చాలామంది తెలుగు మాట్లాడగలరే కానీ చదవలేరు. అందుచేత తెలుగు పత్రం ఇచ్చినా అందరికీ సరిపోదు, ఎవరైనా చదివి వినిపించాలి. మేము కోరితే నర్సు ఒక్కో పేరా చదివి అర్థం చెప్పింది, తొందరపెట్టలేదు.

2025 మార్చి నుంచి మన దేశంలో అమ్ముడవుతున్న, బరువు తగ్గించే మౌంజారో ఇంజెక్షన్ గురించి కూడా అడిగాము. ఆపరేషన్లు చేసే విభాగం కనుక దానిని కొట్టిపారేస్తారని నేను అనుకున్నాను. అలా జరగలేదు. అది బాగా పనిచేస్తుందనీ, ఈ తరగతి మందులు ఆపినప్పుడు తగ్గిన బరువులో పెద్ద భాగం తిరిగి వస్తుందనీ, ఆమె బీఎంఐకి ఆపరేషన్ ఎక్కువ ఫలితమిచ్చే అవకాశం ఉన్నా, కొంతకాలం ఇంజెక్షన్ వాడి చూసి నిర్ణయించుకోవడంలో తప్పులేదనీ సర్జన్ చెప్పారు. మా చెల్లెలు ఇంకా ఆలోచిస్తోంది. ఆమెను తొందరపెడుతూ ఆసుపత్రి నుంచి ఫోన్లు రాకపోవడం కూడా మెచ్చుకోదగినదే.

ఖర్చు విషయానికి వస్తే, ప్యాకేజీలో ఆపరేషన్, గది, ఆసుపత్రిలో వాడే మందులు ఉన్నాయి. ఆపరేషన్‌కు ముందు కాలేయంలోని కొవ్వు తగ్గేందుకు రెండు వారాలు తీసుకునే తక్కువ క్యాలరీల ఆహారం, తరువాతి విటమిన్లు, మూడు, ఆరు, పన్నెండు నెలలకూ ఆపైన ఏటా చేయించవలసిన రక్తపరీక్షలు లేవు. బీమా ఉన్నవారు పాలసీలోని స్థూలకాయ నిబంధనను చదువుకొని వెళ్లాలి. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ప్రామాణిక నిబంధన ప్రకారం వయసు 18 నిండి, బీఎంఐ 40 లేదా అంతకుమించి ఉండాలి. 35 లేదా అంతకుమించి ఉంటే అదుపులోకి రాని మధుమేహం, గుండెజబ్బు, తీవ్రమైన నిద్రాశ్వాస సమస్య వంటిది తోడుగా ఉండి, ఇతర పద్ధతులతో బరువు తగ్గక విఫలమై ఉండాలి. పాత ప్రిస్క్రిప్షన్లు, బరువు నమోదైన కాగితాలు దాచినవారికి ఇక్కడ పని సులువవుతుంది.

మొత్తం మీద ఈ సేవకు ఐదింటికి మూడున్నర ఇస్తాను. సర్జన్‌, ఆహార నిపుణురాలు మాత్రమే ఉంటే నాలుగున్నర ఇచ్చేవాడిని. రక్తపరీక్షలు రాయగడలోనే చేయించి నివేదికలు పంపితే ఫోన్లో సలహా ఇస్తామని ఒప్పుకున్నారు కానీ, ఆ సౌకర్యం మొదటి ఏడాదికే ప్యాకేజీలో ఉంది. రెండో ఏడు నుంచి రుసుము ఎంతో రాసి ఇవ్వమని అడిగాము. ఆ కాగితం ఇంకా మా చేతికి రాలేదు.